స్మృతిచిత్రంలో సగం పెళ్లి

పెళ్లిలో త్రినాథ్ వంతు అయిపోయింది. హైమావతి వంతు మిగిలి ఉండగా గంట మోగింది.

"కదలకండి! ఎవరూ కదలకండి!" గుమ్మం దగ్గర ఒక గొంతు గర్జించింది.

హైమావతి కదల్లేదు. ఆమె కలం రిజిస్టరు మీద ఆనీ ఆనకుండా ఉంది. పక్కన త్రినాథ్ తన సంతకం కింద చుక్క పెట్టి నవ్వబోయి, ఆ నవ్వుని సగంలో ఆపేశాడు. సాక్షిగా వచ్చిన అప్పలనరసమ్మ పిన్ని తుమ్ము మింగేసింది. బల్లకి అటువైపు సబ్ రిజిస్ట్రార్ పరాంకుశం గారి పెరుగన్నం ముద్ద డబ్బాకీ నోటికీ మధ్య గాలిలో నిలబడిపోయింది.

నలుగురు ఫోటోగ్రాఫర్లు నాలుగు మూలల నుంచీ దూసుకొచ్చారు. వాళ్ల వెనకాల గుమాస్తాలు. ఏ కుర్చీ ఎక్కడుందో, ఏ సొరుగు ఎంత తెరిచి ఉందో, ఎవరి చేతిలో ఏముందో చకచకా రాసుకుంటున్నారు. ఒకతను హైమావతి చేతి మీదికి వంగి, "వధువు. కలం కలదు. సంతకం లేదు" అని పైకి చదువుతూ రాశాడు.

"బాబూ, ఒక్క నిమిషం ఆగితే సంతకం కూడా..." అని పెదవులు కదపకుండా అంది హైమావతి.

"వధువు మాట్లాడుచున్నది" అని రాసుకుని వెళ్లిపోయాడతను.

చాలాసేపటికి ఆ గర్జించిన గొంతు "ఇక కదలవచ్చును" అంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పిన్ని తుమ్మింది. హైమావతి ఇంటిపేరుతో సహా నిండుగా సంతకం పెట్టింది. పరాంకుశం గారు ముద్ద నమిలి మింగి, "సర్టిఫికెట్టు రేపు తీసుకోండమ్మా" అన్నారు. పెళ్లివాళ్లు ముగ్గురూ బయటికొచ్చి మిఠాయి పంచుకున్నారు. ఆ సర్టిఫికెట్టు వాళ్లకి ప్రాణావసరం. హైమావతి కొండ మీద గిరిజన ఊళ్లో లెక్కల టీచరు. త్రినాథ్ కింద గెడ్డవలస పట్నంలో కరెంటు సబ్‌స్టేషన్ ఆపరేటరు. వచ్చే నెల చివరి శనివారం టీచర్ల బదిలీల కౌన్సెలింగ్. భార్యాభర్తల కోటాలో పేరుంటే ఆమె పట్నానికి దిగొస్తుంది. లేకపోతే కొండ మీద ఆమె, కొండ కింద అతను. మళ్లీ కౌన్సెలింగ్ ఎప్పుడో పెట్టేవాళ్లకే తెలీదు.

ఆ గర్జించిన పెద్దమనిషి జాయింట్ డైరెక్టర్ చిదానందం గారు.

ఆయన అంతకుముందు నెలలో ఒక సదస్సుకి వెళ్లారు. అక్కడ ఒక కంప్యూటరు కుర్రాడు వేదికెక్కి తన పని గురించి చెప్పాడు. "మావి వర్చువల్ మెషీన్లండీ. అంటే నిజానికి అక్కడ యంత్రం ఉండదు. ఉన్నట్టు పనిచేస్తుంది" అన్నాడు. ఆ మాట వినగానే చిదానందం గారికి తమ శాఖ గుర్తొచ్చి నిటారుగా కూర్చున్నారు.

"దాన్ని మొదట్నించీ లేపాలంటే ఆలస్యమవుతుంది. అందుకని అది చక్కగా పనిచేస్తున్న క్షణంలో ఆపి, దాని బుర్రలో ఉన్నదంతా అచ్చంగా బొమ్మ తీసి డిస్కులో దాస్తాం. కావలసినప్పుడు ఆ బొమ్మ తెరిస్తే, ఆగిన చోటి నుంచే లేస్తుంది. ఇంకో కిటుకుంది. బుర్ర మొత్తం ఒకేసారి నింపం. దేన్ని తాకితే ఆ ముక్కే డిస్కులోంచి తెస్తాం. ఎవరూ తాకనిది అక్కడే పడుంటుంది. అందుకే రెప్పపాటులో లేస్తుంది" అని ముగించాడు కుర్రాడు.

తరవాత ఆ పద్ధతిలో ఎక్కడెక్కడ జాగ్రత్తపడాలో కూడా చెప్పాడు. అప్పటికి భోజనాలకి పిలిచారు.

చిదానందం గారి శాఖలో ఆఫీసులు తెరుచుకోవడమే పెద్ద ఇబ్బంది. తాళాలు దొరికి, చిమ్మి, దణ్ణాలు పెట్టుకుని, టీలు తాగేసరికి పన్నెండయ్యేది. ఆయన తిరిగొచ్చిన వారానికి సర్క్యులర్ వెలువడింది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, గెడ్డవలస కార్యాలయము 'స్మృతిచిత్ర సత్వర పునరుజ్జీవన పథకము' క్రింద ఎంపిక చేయబడినది. కార్యాలయము అత్యుత్తమ స్థితిలో నుండగా ఒక శుభఘడియలో స్తంభింపజేసి, స్మృతిచిత్రము గ్రహింపబడును. ప్రతి ఉదయము ఆ స్థితియే పునరుద్ధరింపబడును. సిబ్బంది, సామగ్రి డిస్కునందుండి, పౌరుడు తాకినప్పుడు మాత్రమే తేబడును."

డిస్కు అంటే ఆఫీసు వెనకున్న పాత ధాన్యం గోదాము. దాని మీద 'డిస్కు' అని బోర్డు కట్టారు.

శుభఘడియ కోసం గెడ్డవలస సిద్ధాంతి గారిని అడిగారు. ఆయన అభిజిత్ లగ్నం అన్నారు. రిజిస్టర్ పెళ్లైనంత మాత్రాన మంచి గడియ వద్దేటని పిన్ని పట్టుబడితే, హైమావతి వాళ్లూ ఆయన్నే అడిగారు. వాళ్లకీ అభిజిత్ లగ్నమే చెప్పారు. తిరుగులేని ముహూర్తం. కాకపోతే మిట్టమధ్యాహ్నం వస్తుంది. ఆ వేళకి ఏ ప్రభుత్వ కార్యాలయమైనా ఏ స్థితిలో ఉంటుందో సిద్ధాంతి గారిని ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున్న ముగ్గురూ సర్టిఫికెట్టు కోసం వచ్చారు. గంట మోగింది. తలుపులు తెరుచుకున్నాయి.

లోపల ఏమీ లేదు. గోడలున్నాయి. కుర్చీ లేదు, బల్ల లేదు, మనిషి లేడు. గుమ్మం పక్కన అటెండరు సూరప్పడు ఒక తోపుడు ట్రాలీ పట్టుకుని నిలబడ్డాడు.

"ఆఫీసు ఎప్పుడు తెరుస్తారు?" అడిగాడు త్రినాథ్.

"తెరిసేసినం బాబూ. రెప్పపాటులో తెరిసినం. ఇల్లా టోకెన్లట్టుకోండి. ఒక టోకెనుకి ఒక కోరిక. ఏటి గావాలి మీకు?"

"రిజిస్ట్రార్ గారు."

సూరప్పడు ట్రాలీ తోసుకుంటూ వెళ్లాడు. కొంతసేపటికి దాని మీద పరాంకుశం గారిని కూర్చోబెట్టుకుని తోసుకొచ్చాడు. ఆయన చేతిలో పెరుగన్నం డబ్బా ఉంది. దిగి, గది మధ్యలో నిలబడి, ఒక ముద్ద కలిపి నోటికీ డబ్బాకీ మధ్య గాలిలో ఆపి, అప్పుడు తినడం మొదలుపెట్టారు.

"సార్, పొద్దున్నే భోజనమేమిటండీ?" అంది హైమావతి.

"నేనేం చెయ్యనమ్మా? నన్ను భోజనంలో ఆపారు. భోజనం నుంచే లేపాలి. మధ్యాహ్నం ఎలాగూ మళ్లీ తినాలి." గొంతులో పెద్దగా బాధ లేదు.

పిన్ని తన టోకెనుతో ఆయనకి కుర్చీ తెప్పించింది. త్రినాథ్ మళ్లీ వరసలో నిలబడి ఇంకో టోకెనుతో రిజిస్టరు తెప్పించాడు. రిజిస్టరు వచ్చాక బల్ల లేదని తెలిసింది. బల్ల వచ్చాక, కళ్లజోడు డిస్కులో ఉందని తెలిసింది.

"ఓలమ్మ ఓలమ్మ! ఇదేం ఆపీసే? ఇల్లు కట్టాలంటే ఇటుకకో అర్జీ ఎట్టుకోమన్నట్టుంది" అంది పిన్ని.

కళ్లజోడు పెట్టుకుని పరాంకుశం గారు పేజీ చూశారు. త్రినాథ్ సంతకం ఉంది. దాని పక్కన హైమావతి సంతకం ఉండవలసిన చోట తెల్లరంగు పూసి ఉంది.

"నేను నిన్న పెట్టానండీ!"

"పెట్టావమ్మా, చూశాను. కానీ అది గంట మోగాక పెట్టింది. స్మృతిచిత్రంలో లేదు. సాయంత్రం తెల్లరంగు వాళ్లొచ్చి, గంట తరవాత రాసినవన్నీ పూసేసి వెళ్తారు."

"అయితే మా పెళ్లి?"

పరాంకుశం గారు ఇబ్బందిగా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "రికార్డు ప్రకారం ఈయనకి అయిందమ్మా. నీకు అవలేదు."

త్రినాథ్ నోరు తెరిచాడు. "ఎవరితో అయింది సార్ నాకు?"

"అది రెండో సంతకం పడితే తెలుస్తుంది."

హైమావతి అక్కడే మళ్లీ సంతకం పెట్టింది. ఇక సర్టిఫికెట్టు టైపు చెయ్యాలి. టైపిస్టుని అడిగారు. ట్రాలీ మీద టైపిస్టు వచ్చింది. మిషన్ రాలేదు. మిషన్ వచ్చాక కాగితం, కాగితం వచ్చాక ముద్ర, ముద్ర వచ్చాక సిరా. సిరా కోసం సూరప్పడు వెళ్లి వచ్చేలోపల గంట మోగింది. ఆఫీసు మూసేశారు. తెల్లరంగు వాళ్లు బకెట్లతో లోపలికి వెళ్లారు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పిన్ని మాత్రం ఇంటి దగ్గర నోటికి తాళం వెయ్యలేదు. త్రినాథ్‌కి భోజనం వడ్డిస్తూ, "తినండి సగమల్లుడుగారూ, మీకు పెళ్లయిపోనాది గాబట్టి రెండో గరిటి. మా పిల్లకింకా అవనేదు, దానికి సంబందాలు సూడాల" అనేది. ఒకరోజు నిజంగానే ఎవరో సంబంధం తెచ్చారు. రిజిస్ట్రారు ఆఫీసులో కనుక్కుంటే అవివాహిత అన్నారట.

ఈలోగా చిదానందం గారు పథకాన్ని మెరుగుపరిచారు. జనం తరచుగా తాకే ముక్కల్ని ముందే తెచ్చి సిద్ధంగా ఉంచితే వేగం పెరుగుతుందని ఆయనకి తట్టింది. సర్వే చేయించారు. ఆ ఆఫీసులో ఇన్నేళ్లుగా పౌరులకి అన్నిటికన్నా ఎక్కువసార్లు అందిన సేవలు రెండని తేలింది. ఒకటి 'సార్ లేరు', రెండోది 'రేపు రండి'. ఆ రెండింటినీ బోర్డుల మీద రాయించి గేటు దగ్గరే పెట్టించారు. ఆనాటి నుంచి చాలామంది పని గేటు దగ్గరే రెప్పపాటులో అయిపోయేది. చిదానందం గారు పైకి పంపిన నివేదికలో గీత నిటారుగా లేచింది.

ఫిర్యాదులు కూడా పైకి వెళ్లాయి. రాజధాని నుంచి పథకం రద్దు చేస్తున్నట్టు ఉత్తర్వు వచ్చింది. చిదానందం గారు క్రమశిక్షణ గల అధికారి. ఉత్తర్వు అందిన క్షణమే దాని మీద 'అమలు చేయడమైనది' అని సంతకం చేశారు. సాయంత్రం తెల్లరంగు వాళ్లొచ్చి ఆ సంతకం మీద కూడా పూశారు. తెల్లారి స్మృతిచిత్రం తెరిస్తే, అందులో పథకం నిక్షేపంగా ఉంది. "ఉత్తర్వు శిరసావహించి అమలుపరచడమైనది. మరునాటి ఉదయము అమలునకు పూర్వస్థితి పునరుద్ధరింపబడినది. దయతో గమనించగలరు" అని ఆయన పైకి రాశారు. పైవాళ్లు ఆ ఉత్తరాన్ని ఎటు తిప్పి చూసినా తప్పు దొరకలేదు. మళ్లీ రద్దు ఉత్తర్వు పంపారు. ఆయన మళ్లీ అమలు చేశారు. అలా అదొక వారం వారం జరిగే వ్రతమై, ఊరందరి నోళ్లలోనూ పడింది.

కౌన్సెలింగ్ ఇంక మూడు రోజులుందనగా, బుధవారం నాడు పరాంకుశం గారు పొద్దుటి భోజనం చేస్తూ నిట్టూర్చారు. "ఇంకెన్నాళ్లమ్మా ఈ భోగం? శుక్రవారంతో సరి."

"ఏమైంది సార్?" అంది హైమావతి.

"పక్క జిల్లాల వాళ్లు మన పద్ధతి చూడ్డానికొస్తారట. రోజూ తెరవగానే అందరూ అన్నాలు తింటూ కనిపిస్తే బాగోదని శుక్రవారం పొద్దున్న కొత్త స్మృతిచిత్రం తీస్తున్నారు. సిద్ధాంతి గారు టిఫిన్ల తరవాత, టీలకి ముందు ముహూర్తం పెట్టారు."

హైమావతి కళ్లు చిన్నవయ్యాయి. లెక్క తేలబోతున్నప్పుడు బోర్డు ముందు ఆమె ముఖం అలాగే ఉంటుంది.

"గంటకి ముందు పడిన సంతకం ఉండిపోతుంది కదా సార్?"

"శాశ్వతంగా ఉంటుంది. మీ ఆయనది చూడు, తెల్లరంగు వాళ్లు దాని జోలికే పోరు."

"గంట కొట్టేలోపల ఏం జరిగినా?"

"ఏం జరిగినా. అదే మాకు వేదం."

బయటికి రాగానే త్రినాథ్ పెదవి విరిచాడు. "లాభం లేదు హైమా. గంట కొట్టేసరికి బల్ల వస్తే కళ్లజోడు రాదు."

"లేదని తెలిశాక అడుగుతున్నాం కాబట్టి ఆలస్యమవుతోంది. లేదని ముందే తెలుసు కదా? ముందే అడిగేద్దాం."

"మనం ముగ్గురం, టోకెన్లు మూడే."

హైమావతి గేటు వైపు చూసింది. 'రేపు రండి' బోర్డు కింద ఊరు ఊరంతా ఉంది. పుట్టిన కాగితం దొరకని తల్లులు, ఇల్లు అమ్మలేని వాళ్లు, కొనలేని వాళ్లు.

"మనం ముగ్గురమే కాదు" అంది.

శుక్రవారం తెల్లారేసరికి ఆఫీసు ముందు జాతరలా ఉంది. గంట మోగి తలుపులు తెరుచుకోగానే సూరప్పడు టోకెన్లు ఇచ్చుకుంటూ పోయాడు. మొదటివాడు "రిజిస్ట్రారు" అన్నాడు. రెండోవాడు "ఆయన కళ్లజోడు" అన్నాడు. ఆ వెనకావిడ "సిరా డబ్బా, బాబూ" అంది.

"ఒలే ఒలే, ఆగండి! ఒక్క ట్రాలీతో ఎన్నని తేను?" సూరప్పడు లబలబలాడాడు.

"ట్రాలీయే తేవాలని సర్క్యులర్లో ఉందా అన్నా?" అడిగింది హైమావతి.

సూరప్పడు తల గోక్కున్నాడు. లేదు.

త్రినాథ్ ఈల వేశాడు. సబ్‌స్టేషన్ కుర్రాళ్లు, వరసలోని జనం, గోదాము గుమ్మం నుంచి ఆఫీసు గుమ్మం దాకా బారులు తీరారు. శ్లాబు పోత నాడు కాంక్రీటు తట్టలు అందించుకున్నట్టు, కుర్చీలూ బల్లలూ సొరుగులూ ముద్రలూ చేతుల మీదుగా ఆఫీసులోకి నడిచొచ్చాయి. పరాంకుశం గారు కుర్చీతో సహా గాలిలో తేలుతూ వచ్చారు. టైపిస్టు మాత్రం, "మిషన్ని ఎత్తుకోండి, నేను నడుస్తాను" అని కచ్చితంగా చెప్పింది.

ముహూర్తం దగ్గరపడేసరికి ఆ కార్యాలయ చరిత్రలో ఎన్నడూ జరగనిది జరిగింది. సిబ్బంది అందరూ ఎవరి కుర్చీల్లో వాళ్లున్నారు. చేతుల్లో పని ఉంది. ముందు జనం ఉన్నారు. అలవాటు లేక కొందరికి చెమటలు పట్టాయి.

చిదానందం గారు సిద్ధాంతి గారితో, ఫోటోగ్రాఫర్లతో లోపల అడుగుపెట్టి నిశ్చేష్టులయ్యారు.

"ఏమిటిది? మొత్తము తేబడినదా? ఇంత సిబ్బంది ఒకేసారి పనిచేయవలసిన అగత్యమేమి వచ్చినది?"

"పౌరులు తాకారండి" అన్నారు పరాంకుశం గారు భయంభయంగా.

అందరి కోరికలూ తీరాయి. చివరి టోకెను హైమావతిది. "ఏటి గావాలమ్మా?" అన్నాడు సూరప్పడు.

"ఈ వారం తపాలు."

"కలం అడగలేదేం?" గుసగుసగా అన్నాడు త్రినాథ్.

"కలం ఇంటి నుంచి తెచ్చుకున్నాను."

తపాలు చేతులు మారి చిదానందం గారి ముందుకి వచ్చింది. అన్నిటికన్నా పైన రాజధాని ముద్రతో ఆ వారపు రద్దు ఉత్తర్వు. ఆయన దాన్ని చూసి పెదవి మీద చిన్న చిరునవ్వు మొలిపించారు.

"ముహూర్తం వేళ అయింది కదండీ. ఇది తరవాత చూసుకోవచ్చేమో" అంది హైమావతి, ఎంతో వినయంగా.

"అమ్మాయీ! నా సర్వీసులో ఏ ఉత్తర్వునూ ఒక్క క్షణము పెండింగులో ఉంచలేదు" అన్నారాయన జేబులోంచి కలం తీస్తూ.

సిద్ధాంతి గారు గడియారం మీద చూపు నిలిపి చెయ్యి పైకెత్తారు. సూరప్పడు గంట దగ్గర కర్ర ఎత్తాడు. ఈ బల్ల దగ్గర హైమావతి ఇంటిపేరు రాసేసి తన పేరు మొదలుపెట్టింది. ఆ బల్ల దగ్గర చిదానందం గారు 'అమలు చేయడమైనది' అని రాస్తున్నారు. త్రినాథ్ ఒకసారి ఆ కలం వైపూ, ఒకసారి ఈ కలం వైపూ చూస్తూ, పిన్ని చెయ్యి నలిపేస్తున్నాడు. హైమావతి ఆఖరి అక్షరం తిప్పింది. చిదానందం గారు సంతకం కింద రెండు గీతలు గీసి, ఠీవిగా చుక్క పెట్టారు.

"కొట్టు!" అన్నారు సిద్ధాంతి గారు.

గంట మోగింది.

"కదలకండి! ఎవరూ కదలకండి!" అని అలవాటు కొద్దీ గర్జించారు చిదానందం గారు.

గర్జించాక ఆయన చూపు కాగితం మీద పడింది. ఆ చుక్క మీద పడింది. గుమాస్తా ఒకడు ఆయన భుజం మీదుగా వంగి, "రద్దు ఉత్తర్వు. అమలు కలదు. చుక్కతో సహా" అని రాసుకున్నాడు. ఆయన ముఖం మొదట పాలిపోయింది, తరవాత కందిపోయింది. కానీ కదలడానికి లేదు. ఆ రంగులన్నీ ఫోటోల్లో బాగా వచ్చాయని తరవాత అందరూ అన్నారు.

కదలవచ్చునని చెప్పవలసింది ఆయనే. అది చెప్పీ చెప్పగానే కాగితం లాక్కుని సంతకం కొట్టేశారు. పరాంకుశం గారు లేచి నిలబడి చేతులు కట్టుకున్నారు.

"సార్, అది గంట తరవాతదండి. స్మృతిచిత్రంలో ఉండదండి. సాయంత్రం తెల్లరంగు వాళ్లు మీ కొట్టివేతని తీసేస్తారండి."

మర్నాడు శనివారం పొద్దున్న గంట కొట్టి స్మృతిచిత్రం తెరిచారు. అందులో పెళ్లి అయి ఉంది. పథకం రద్దై ఉంది. దాంతో ఆ గంట కొట్టడం అదే ఆఖరు. హైమావతి సర్టిఫికెట్టు సిరా ఆరకముందే పట్టుకుని కౌన్సెలింగ్‌కి పరుగెత్తింది. పట్నంలోనే బడి దొరికింది. పిన్ని ఆ రాత్రి త్రినాథ్‌కి వడ్డిస్తూ, "ఒక గరిటే. ఇప్పుడు మా పిల్లకీ పెళ్లయిపోనాది" అంది.

ఆఫీసు ఇప్పుడు పూర్వపు పద్ధతిలోనే నడుస్తోంది. తాళాలు దొరికి, చిమ్మి, టీలు తాగి, పన్నెండింటికి తెరుస్తారు. ఊరంతా సంబరపడుతోంది.

పథకం మొదలైనప్పుడు చిదానందం గారి పోస్టుని ఆ పథకం కిందికి మార్చారు. పథకం లేదు కాబట్టి పోస్టు లేదు. కొత్త పోస్టింగ్ వచ్చేదాకా ఆయన వెనక గోదాములో, డిస్కు బోర్డు కింద కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. ఎవరైనా కావాలని అడిగిన క్షణం ఆయన్ని తీసుకురావడానికి ట్రాలీ కూడా అక్కడే సిద్ధంగా ఉంది.

ఇంతవరకూ ఎవరూ అడగలేదు.